ఒక్క సీసా తేడా

మొదటి గుక్క మింగగానే లియోటా మగ్గు దించి అందులోకి తొంగి చూసింది. చూడడానికి కొత్తగా ఏమీ లేదు. ముదురు గోధుమరంగు బీరు, పైన వేలెడు నురగ. ఇంకో గుక్క తీసుకుని నాలుక మీదే కాసేపు ఆపింది. మాడీమాడని రొట్టె అంచు రుచి, దాని వెనకాల కాస్త కోకో చేదు, మింగాక గొంతులో మిగిలే మెత్తని తీపి. ఈ రుచి ఆమె నోటికి తగిలి నాలుగేళ్లయింది.

"ఎలా ఉంది, పోస్టమ్మా?" పక్కనే నిలబడ్డ ఎల్డన్ అడిగాడు.

ఫోర్ట్ మోర్గన్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు వేసి రిటైరైన లియోటాను ఊరు మొత్తం మీద ఆ పేరుతో పిలిచేది ఎల్డన్ ఒక్కడే. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి దిగిపోయిన మనిషి. డెబ్బై దగ్గర పడినా, ఎవరైనా తను కాచిన బీరు తాగుతుంటే చిన్నపిల్లాడిలా వాళ్ల నోటివంకే చూస్తాడు. ఇప్పుడూ అలాగే చూస్తున్నాడు.

"ఇది నేను కాచిందేనా?" అంది లియోటా.

"సీసా నీది. ఐసు పెట్టె నీది. మీద అంటించిన చీటీ నీ చేతిరాత. మరి ఎవరు కాచారు, మీ ఇంటి పిల్లి కాచిందా?"

నెలకో ఆదివారం బీరు కాచేవాళ్లంతా రెనాటా ఇంటి పెరట్లో కలుస్తారు. పదకొండు మంది. ఎవరు కాచింది వాళ్లు తెస్తారు, ఒకరిది ఒకరు తాగి వంకలు పెట్టుకుంటారు. లియోటా ఒక్కతే తన పెట్టె, తన మగ్గు, తన తిండి డబ్బా వేరుగా తెచ్చుకుని వేరు బల్ల మీద పెట్టుకుంటుంది. ఆమెది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై, వీటిలో ఏది కడుపులోకి పోయినా అందులోని గ్లూటెన్ అనే పదార్థానికి పేగు పుండవుతుంది. జబ్బు బయటపడ్డాక బార్లీ మానేసి వరిగలతో బీరు కాయడం నేర్చుకుంది. కొలరాడోలో ఆ తూర్పు మైదానాల నిండా వరిగ చేలే అయినా, ఆ గింజను అక్కడి జనం సంచుల్లో కొనేది పిట్టలకు వేయడానికి.

రెనాటా వచ్చి మగ్గు మీదికి వంగి వాసన చూసింది. ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎవరి నోట్లోకైనా మొహమాటం లేకుండా తొంగి చూడడం అలవాటు. "పిట్టల మేతతో ఇది చేశావా? అబద్ధం."

"నాకూ అబద్ధంలాగే ఉంది," అంది లియోటా.

"ఏం మార్చావ్?"

"ఏమీ మార్చలేదు. అదే తెలియడంలేదు."

ఎల్డన్ వెనక్కి తిరిగి ఎవరితోనో గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. లియోటా ఆ మగ్గు పూర్తి చేసి, ఇంకో సగం పోసుకుంది. లీటరు సీసాలో మిగిలినదాన్ని తాగలేక కాదు, తాగితే అయిపోతుందని మూత బిగించి పెట్టెలో దాచుకుంది. ఇంటికి వెళ్లి దీని సంగతేమిటో తేల్చుకోవాలి.

ఆ సాయంత్రం గ్యారేజీలో ల్యాప్‌టాప్ తెరిచి, బీరు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఆ కాపు పేజీ తీసింది. ఆగస్టు రెండో శనివారం కాచింది. మొలకెత్తించి ఆరబెట్టిన వరిగ మాల్టు, వేయించిన వరిగ మాల్టు, పేరులో తప్ప గోధుమతో చుట్టరికం లేని బక్‌వీట్ కాస్త. ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. అన్నీ ఎప్పటివే.

ఆ సాఫ్ట్‌వేర్‌తో ఆమెకు మొదటినుంచీ పేచీయే. అది బార్లీ వాళ్ల కోసం పుట్టింది. అందులో నూట యాభై రకాల బార్లీ మాల్టులుంటే వరిగ ఒక్కటి లేదు. ఆమె తనే ఒక్కో రకం పేరు, ఒక్కో రకం దిగుబడి చేత్తో ఎక్కించుకుంది. అయినా అది బార్లీ బుద్ధితోనే లెక్క కడుతుంది. పులియడం అయ్యేసరికి బీరు చిక్కదనం 1.013 దగ్గర ఆగుతుందని ప్రతిసారీ చెబుతుంది. ఆమెది ప్రతిసారీ 1.002కి జారిపోతుంది.

ఎందుకు జారుతుందో ఆమెకు తెలుసు. బార్లీ తన పిండిని తనే చక్కెర చేసుకుంటుంది. వరిగ చేసుకోలేదు. వరిగ పిండి ఉడకడానికి కావలసిన వేడికి దాని సొంత ఎంజైములు చచ్చిపోతాయి. అందుకని బయటినుంచి రెండు ఎంజైములు తెచ్చి పోయాలి. ముందు గరిటె నిలబడేంత చిక్కటి జావ. అందులో వేడికి తట్టుకునే మొదటి ఎంజైమ్ రెండు చెంచాలు వేసి తిప్పుతూ పోతే, చెయ్యి నొప్పి పుట్టే వేళకి, జావ ఉన్నట్టుండి నీరై గరిటె పక్కకి ఒరిగిపోతుంది. తర్వాత చల్లార్చి రెండోది పోస్తే అది మిగిలిన పిండినంతా కొరికి చక్కెర చేస్తుంది. ఆ చక్కెరను ఈస్ట్ వదలకుండా తింటుంది. అందుకే ఆమె బీరులో చివర తీపి మిగలదు. పల్చగా, పొడిగా, నాలుకను తుడిచేసినట్టు ఉంటుంది. మిగలనిది ఈసారి ఎలా మిగిలింది?

రెండో ఎంజైమ్ వేయడం మరిచిపోయిందా? పేజీలో రాసే ఉంది: పదకొండు నలభైకి, ఒకటిన్నర చెంచా. పక్కన తన టిక్కు. ఆమె పేజీ అడుగున మూడు ప్రశ్నార్థకాలు కొట్టి, చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ ల్యాప్‌టాప్ మూసింది.

సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా కడుపులో మెలి తిరిగింది. మధ్యాహ్నానికి స్నానాలగదికీ మంచానికీ మధ్య గోడ పట్టుకుని నడుస్తోంది. నొప్పి తెలిసినదే. జబ్బు పేరు తెలియక ముందు ఏడేళ్లు పడిన నొప్పి. దానికదే గుర్తు, వేరే దేన్నీ చూసి పొరబడేది కాదు.

కానీ ఎక్కడినుంచి? ఆదివారం తిన్నది ఇంట్లో వండుకున్న బీన్సూ అన్నమూ. తాగింది తన బీరు. ఇంట్లో గోధుమపిండి నలుసు కూడా లేదు. మరి బీరేనా? మాల్టులో బార్లీ కలిసిందా? మంగళవారం మంచంలోనుంచే మాల్టు తయారుచేసే చోటికి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "మా భవనంలోకి బార్లీ తెచ్చే లారీ కూడా రాదండీ. మీ సంచి నంబరు చెప్పండి, పరీక్ష ఫలితం చూస్తాను," అంది. చూసి, ఏమీ లేదంది. లియోటా థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

ఆమె పెట్టీపెట్టగానే ఎల్డన్ ఫోన్ చేశాడు.

"ఎలా ఉన్నావ్?"

"బ్రహ్మాండంగా."

"ఒంట్లో అంతా బాగేనా?"

"బాగాలేక నాకేం రోగం?"

"ఏం లేదు, ఊరికే. కడుపూ అదీ బాగుందిగా?"

"నా కడుపుతో నీకేం పని? నీ కడుపు సంగతి చూసుకో, బెల్టు రెండు బెజ్జాలు దాటింది."

అతను పకపకా నవ్వి పెట్టేశాడు. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె జబ్బని సెలవు పెట్టింది పదకొండు రోజులు. మంచులో జారిపడి మణికట్టు విరిగినప్పుడు కూడా ఆ వీధి ఉత్తరాలు వేసేశాకే ఆసుపత్రికి వెళ్లింది. అలాంటిది కడుపు గురించి ఎవరికైనా ఏం చెబుతుంది? అయినా ఎప్పుడూ లేనిది ఇతను కడుపెందుకు అడిగాడో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనను పట్టుకుని చివరిదాకా వెళ్లే ఓపిక లేకపోయింది. ఈ జబ్బులో బుర్ర కూడా ఉడికిన జావలాగే ఉంటుంది.

బుధవారం మందుల షాపు దాకా కారు నడుపుకుంటూ వెళ్లింది. వచ్చేటప్పుడు ప్లాట్ అవెన్యూ మీద ఎర్రదీపం దగ్గర ఆగింది. పచ్చదీపం వచ్చింది. ఎటు తిరగాలో తెలియలేదు.

మరిచిపోవడం కాదది. ఎడమవైపు నీలం పెంకుల ఇల్లు తెలుసు. ఆ ఇంట్లో కుక్క పేరు తెలుసు, పోస్టుపెట్టె తలుపు చలికాలం బిగుసుకుపోతుందనీ తెలుసు. కానీ ఈ ఇల్లు తన ఇంటికి ఏ వైపున ఉందో, ఆ ఒక్క ముక్కా తల్లోనుంచి ఎవరో తీసేసినట్టుంది. వెనక కారు హారన్ కొట్టింది. ఆమె పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపో తెలియదు. తర్వాత చక్కెర దుంపల లోడు ట్రాక్టరొకటి ముందునుంచి పోతే, ఫ్యాక్టరీ అటు కదా, అయితే ఇల్లు ఇటు అని కూడబలుక్కుని వచ్చేసింది.

గురువారానికి కాస్త కాళ్ల మీద నిలబడగలిగింది. చేయవలసిన పని తెలుసు. ఆగస్టు కాపు మొత్తం పారబోయాలి. ఎక్కడ కలిసిందో తెలియకపోతేనేం, కలిసిందన్నది తెలుస్తోందిగా.

గ్యారేజీలో తొట్టి దగ్గర స్టూలు వేసుకుని సీసాలు ఒక్కొక్కటే తెరిచి ఒంపసాగింది. నురగ తొట్టి అంచు దాకా లేచి దిగుతోంది. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదోది వంచాక చెయ్యి ఆగింది. వాసన. ఇందాకటినుంచీ గ్యారేజీ నిండా ఉన్నది ఆమె బీరు వాసనే, కాస్త గడ్డివాసన, కాస్త నువ్వుల వాసన. ఆదివారం నాటి రొట్టె వాసన ఎక్కడా లేదు. ఒకే కాపు, ఒకే రోజు సీసాల్లో నింపింది. ఒక్క సీసా వేరే వాసన ఎలా వస్తుంది?

ఫ్రిజ్‌లోంచి ఆదివారం మిగిల్చిన సీసా తెచ్చింది. రెండు గ్లాసులు తీసుకుని, ఇందులోంచి అందులోకి ఒంపుతూ గాలి పోగొట్టింది. పొడుగు గాజుగొట్టంలో పోసి, చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ వదిలింది. అది మునిగి, పైకి తేలి, ఊగి నిలబడింది. వంగి గీత చదివింది. 1.014.

తుడిచి మళ్లీ వదిలింది. 1.014.

ఇంకా పారబోయని సీసాల్లోంచి ఒకటి తెరిచి, దాన్నీ అలాగే ఒంపి కొలిచింది. హైడ్రోమీటర్ మెడదాకా మునిగింది. 1.002.

స్టూలు మీద కూర్చుని ఆ రెండు గొట్టాల వంకా మార్చి మార్చి చూసింది. బుర్ర ఇంకా మందంగానే ఉంది. అంకెలు ఎదురుగా కనిపిస్తున్నా వాటికి అర్థం తగిలించడానికి టైము పడుతోంది. ల్యాప్‌టాప్ తెరిచింది. సాఫ్ట్‌వేర్ అక్కడ ఎప్పటిలాగే మొండిగా 1.013 అని చూపిస్తోంది. నాలుగేళ్లలో దాని మాట మొట్టమొదటిసారి నిజమైంది. ఈ ఒక్క సీసా విషయంలో.

బార్లీ బుద్ధితో కట్టిన లెక్క. ఆ లెక్కకి సరిపోయే బీరు.

ఆమె సీసా ఎత్తి చీటీ చూసింది. చీటీ తనదే. కానీ దానిమీద తేదీ మే నెలది. ఆ కాపులో మూడు సీసాలు ఎల్డన్‌కి ఇచ్చింది. అతను తాగి, కడిగి, రెండు తిరిగిచ్చాడు.

సాఫ్ట్‌వేర్‌లో అందరూ తమ వంటకాలు పదిమందికీ పెట్టే పేజీలోకి వెళ్లి ఎల్డన్ పేరు కొట్టింది. పైనే ఉంది: 'లియోటా బ్రౌన్. గ్లూటెన్ లేనిది.' తన పేరు అలా అక్కడ చూసి మొదట ఎవరో ఇంకో లియోటా అనుకుంది. కింద చదివింది. బార్లీ మాల్టు తొమ్మిది పౌండ్లు. వేయించిన బార్లీ అర పౌండు. పాత రోజుల్లో ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్లు కాచి, రంగును బట్టి బ్రౌన్ అని పిలుచుకున్న బీరే, గింజ తేడా లేకుండా. అన్నిటికంటే అడుగున, ఈస్ట్ పక్కన, ఒక వరస: తేట ఎంజైమ్, పది చుక్కలు. దాని కింద: 212 మంది కాపీ చేసుకున్నారు.

ఆమె వెళ్లి తట్టగానే ఎల్డన్ తన ఇంటి తలుపు తీశాడు. ఆమె చేతిలో సీసా చూసి మొహమంతా వెలిగిపోయింది.

"కనిపెట్టేశావా! రెండు వారాలు పడుతుందనుకున్నా. రా రా, కూర్చో."

లియోటా గుమ్మం దాటలేదు. ఆ ఇంట్లో బార్లీ పిండి గాల్లో ఉంటుంది. "ఇది నీ బీరా?"

"మన బీరు. నీ పాత బ్రౌన్. ఈస్ట్‌తోపాటు కొత్త ఎంజైమ్ పది చుక్కలు పడింది, అంతే తేడా. అది గ్లూటెన్‌ని ముక్కలు ముక్కలు చేసేస్తుందట. నేను గుడ్డిగా నమ్మలేదు, పరీక్ష కాగితం కూడా తెప్పించి ముంచి చూశా. గీత పడలేదు."

"అది బీరు మబ్బుగా ఉండకుండా తేటపడడానికి వేసేది, ఎల్డన్."

"దానికీ వేస్తారు, దీనికీ పనికొస్తుంది. నువ్వూ ఎంజైములు వేస్తావుగా?"

"నావి పిండిని చక్కెర చేస్తాయి. నా గింజలో గ్లూటెనే లేదు, తుంచడానికి. నీది తుంచుతుంది. తుంచిన ముక్కలు ఎక్కడికి పోతాయి? మగ్గులోనే ఉంటాయి. ఆ కాగితానికి చిన్న ముక్కలు కనపడవు. నా కడుపుకి కనపడతాయి."

"నీకేం కాలేదుగా మరి!" అతను నిజంగానే తెల్లబోయాడు. "నేను మంగళవారం ఫోన్ చేశానా? బ్రహ్మాండంగా ఉన్నానన్నావు."

"నాకు బాగాలేదు. సోమవారం నుంచీ."

"చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటావ్? ఫోన్లో స్నానాలగది కబుర్లు చెప్పుకుందామా?"

ఎల్డన్ తల గోక్కున్నాడు. "ఆ రోజు రెనాటా బంగాళాదుంపల సలాడ్…"

"నా డబ్బా తప్ప నేనక్కడ ఏమీ ముట్టను. నీకు తెలుసు."

"పోనీ ఇంకేదైనా… లియోటా, ముందే చెబితే నువ్వు తాగుతావా? తాగవు. ఒకవేళ తాగినా భయంతో తాగుతావు. భయానికే సగం నొప్పి వస్తుంది. అందుకని చెప్పలేదు. నీ పెట్టెలో నేనే పెట్టా. నాలుగేళ్లయింది నువ్వు నా గ్యారేజీలోకి వచ్చి. నేను నీ దాంట్లోకి రావాలంటే చొక్కా మార్చుకుని రావాలి. ఆ బ్రౌన్ నేనొక్కణ్ణే కాచి నేనొక్కణ్ణే తాగుతున్నా. ఆదివారం మొదటి గుక్కకి నీ మొహం నేను చూశాగా."

ఆ గుక్కకి తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమెకూ తెలుసు. కోపం రావలసినంత వస్తోంది. దానికి అడ్డంగా, ఆ సీసాలో ఇంకా పావువంతు మిగిలి ఉందన్న ఎరుక కూడా సిగ్గులేకుండా వస్తోంది.

"నా మీద పరీక్ష చేశావు," అంది చివరికి.

"నీ కోసం చేశా."

"ఆ పేజీలోంచి 'గ్లూటెన్ లేనిది' అన్న మాట తీసెయ్."

ఎల్డన్ మొహం బిగుసుకుంది. "నీ ఒక్కదాని మాట మీదా? రెండొందల మంది కాచుకుంటున్నారు. కింద థాంక్స్ తప్ప ఒక్కళ్లూ చెడ్డమాట రాయలేదు, చూసుకో."

"నేనూ నీకేం చెప్పలేదుగా," అంది లియోటా.

ఆమె సీసా మెట్టు మీద పెట్టి కారు దగ్గరికి నడిచింది.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం పొద్దున పదింటికి గ్యారేజీ తలుపు బయట ఎల్డన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడతలు విప్పని చొక్కా, చంకలో దిండు గలీబులో చుట్టిన ల్యాప్‌టాప్.

"లోపలికి రావచ్చా? బట్టలు రెండుసార్లు ఉతికా. దీన్ని కూడా తడిగుడ్డతో తుడిచా. గురువారం నుంచీ మాల్టు ముట్టలేదు."

ఆమె తలుపు పూర్తిగా పైకెత్తింది. అతను బల్ల దగ్గర కూర్చుని గలీబు విప్పి, పేజీ తెరిచాడు. వంటకం పేరులోంచి ఆ మాట తీసేసి ఉంది.

"తీశా. కానీ కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉంటుందట. దాన్ని నేను మార్చలేనట," అన్నాడు. "పొద్దుటినుంచి ఇది చదువుతున్నా." వేలు పెట్టి చూపించాడు.

నెబ్రాస్కా నుంచి కోరిన్ అనే ఆమె మూడు వారాల క్రితం రాసింది. *మా ఆయన డ్వేన్‌కి సీలియాక్. ఆరేళ్ల తర్వాత నిజమైన బీరు తాగాడు. కళ్లు చెమ్మగిల్లాయి. మీరెవరో గాని, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.*

"ఈ మూడు వారాల్లో పదిసార్లు చదువుకుని ఉంటా దీన్ని," అన్నాడు ఎల్డన్. "ఇప్పుడు దీనికింద ఏం రాయాలో తెలియడంలేదు."

"నీకేం రాయాలనుందో రాయి."

అతను చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. *ఈ బీరు కొంతమందికి పడకపోవచ్చు. దయచేసి మీ ఆయన్ని తాగనివ్వకండి.* పంపాడు. వరిగ మాల్టు ఆడాలని ముందే అనుకుంది కాబట్టి లియోటా లేచి మర తిప్పడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మధ్యలో ల్యాప్‌టాప్ చిన్నగా గంట కొట్టింది.

"రాసింది," అన్నాడు ఎల్డన్. గట్టిగా చదివాడు. "'మీరు చెప్పినందుకు థాంక్సండీ. కానీ డ్వేన్‌కి ఏమీ కాలేదు. రోజూ ఒకటి తాగుతున్నాడు. కడుపు నొప్పి లేదు, ఏమీ లేదు. మీరు కచ్చితంగా తెలిసే చెబుతున్నారా? ఈ ఒక్కటీ అతని దగ్గరనుంచి లాక్కోవాలంటే నాకు మనసొప్పడంలేదు.'" అతను తలెత్తి చూశాడు. "ఏమీ కాలేదంటోంది."

గెలిచిన గొంతు కాదది. ఆ మాట నిజమని ఆమె ఒక్కసారి అంటే చాలన్నట్టున్న గొంతు.

లియోటా చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. "జరుగు."

నిలబడే రాయడం మొదలుపెట్టింది. తర్వాత స్టూలు లాక్కుంది. *నా పేరు లియోటా. ఈ బీరుకి పెట్టింది నా పేరే. ఇంకా వారం కాలేదు నేనిది తాగి.* అక్కడ ఆగింది. ఇంతవరకూ డాక్టరుకు తప్ప ఎవరికీ, ఆ డాక్టరుకు కూడా సగం సగం చెప్పిన సంగతులు. చెరిపేద్దామనుకుంది. ఎల్డన్ పక్కనే కుర్చీలో ముందుకి వంగి, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. అతనికి వినపడేలా చెప్పడం కంటే ఇది తేలికా, కష్టమా, తేల్చుకోలేకపోయింది. రాసింది.

రెండు రోజులు ఎన్నిసార్లు స్నానాలగదికి పోయిందో రాసింది. నెత్తురు పడిందని రాసింది. నోట్లో పుళ్లకి నీళ్లు కూడా మింగలేకపోయానని, బుధవారం తను ఇరవై తొమ్మిదేళ్లు ఉత్తరాలు వేసిన వీధిలో ఆగి ఇంటిదారి తెలియక కూర్చుండిపోయానని రాసింది. *స్నేహితుడు ఫోన్ చేసి అడిగితే బ్రహ్మాండంగా ఉన్నానన్నాను. ఎవరడిగినా అలాగే అంటాను. మీ ఆయన కూడా నాలాంటి మనిషైతే, ఆరేళ్ల తర్వాత దొరికినదాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేక, మీకూ అదే చెబుతుండొచ్చు. లేదా నిజంగానే నొప్పి తెలియకపోవచ్చు. లోపల పేగు పాడవుతున్నా కొందరికి తెలియదు. డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించండి.*

పంపింది. ఎల్డన్ వంక చూడకుండా మర దగ్గరికి వెళ్లి మిగిలిన గింజ ఆడింది.

"నెత్తురా?" అన్నాడు ఎల్డన్.

"ఊఁ."

"కారు నడుపుతూనా, ఆ బుధవారం?"

"ఊఁ."

"నేను బంగాళాదుంపల సలాడ్ అన్నాను." అతను రెండు అరచేతులూ మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. క్షమించమనలేదు. ఆమె కూడా ఆ మాట కోసం ఎదురుచూస్తున్నట్టు మొహం పెట్టలేదు. కాసేపటికి లేచి, మరలోంచి రాలిన పిండిని బకెట్టులోకి ఎత్తబోయి, తన చేతులు చూసుకుని, "ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. అతను సింకు దగ్గరికెళ్లి మోచేతులదాకా సబ్బు రుద్ది కడుక్కుని వచ్చి ఎత్తాడు.

ల్యాప్‌టాప్ మళ్లీ గంట కొట్టేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ఇద్దరూ ఒకేసారి వంగారు.

*మీరు రాసింది డ్వేన్‌కి చదివి వినిపించాను. లేచి బయటికి వెళ్లి పశువుల కొట్టం దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఒకటి తడుతోంది. ఈ మూడు వారాలుగా మా కుక్కని ఎప్పుడో చచ్చిపోయిన పాత కుక్క పేరుతో పిలుస్తున్నాడు. రోజూ నవ్వుకున్నాం. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.*

ఎల్డన్ అది రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పినవాళ్ల జాబితా పైకి జరిపాడు. కోరిన్ కాక ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. కాపీ చేసుకుని ఏమీ రాయకుండా వెళ్లిపోయిన నూట ఎనభై ఒక్కమందికీ పేర్లు లేవు.

"వీళ్లనేం చేస్తాం?" అన్నాడు ఆ అంకె మీద వేలు పెట్టి.

"తెలియదు," అంది లియోటా. "పేర్లున్నవాళ్లకి రాయి ముందు."

అతను ఇందాక కోరిన్‌కి పంపిన వాక్యాన్నే తెచ్చి అతికించాడు. *ఈ బీరు కొంతమందికి పడకపోవచ్చు.* దానివంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వెనక్కి చెరిపే మీట మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పోతుంటే చూస్తూ, మొత్తం చెరిపేశాడు. మళ్లీ ఒంటివేలితో మొదలుపెట్టాడు. లియోటా మర ఆపింది.

*ఇందులో బార్లీ ఉంది. గ్లూటెన్ లేదని నేను రాసింది తప్పు. దీన్ని నా స్నేహితురాలికి చెప్పకుండా పోశాను. ఆమెకు జబ్బు చేసింది. ఆమె చెబితే నేను నమ్మలేదు.*

"'నమ్మలేదు' తర్వాత ఇంకేమైనా ఉండాలా?" అని అడిగాడు, తెరమీదినుంచి కళ్లు తీయకుండా.

"చాలు."

పంపాడు. కుర్చీ ఇంకాస్త బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"తర్వాతి పేరు చదువు, నాకీ చిన్న అక్షరాలు ఆనడంలేదు."

లియోటా అతని భుజం మీదుగా వంగి చదివింది.